చెంచుదాసు మింగిన మాత్రలు

చెంచుదాసు ఎడమ మణికట్టు విరిగింది. పెద్దగా పడిందీ లేదు. ఆశ్రమం వంటసాల గడప దాటుతూ కాలు జారి, చెయ్యి ఆనించాడు. అంతే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు కట్టి, రోజూ ఏం మందులు వాడుతున్నావని అడిగింది. అతను జేబులోంచి గుండెమంట మాత్రల అట్ట తీసి చూపించాడు.

"ఎన్నాళ్లుగా?"

"తొమ్మిదేళ్లు. రెండు నెలలు వాడమన్నారు. మంట తెలీడం లేదు కదా అని నేనే తెచ్చుకుంటున్నా."

ఆమె పరీక్షలు చేయించింది.

"ఎముకలు పలచబడ్డాయి. బి12 బాగా తక్కువుంది. ఎవర్నీ అడక్కుండా ఇన్నేళ్లు మింగడమూ ఒక కారణం కావచ్చు. అలాగని ఒక్కసారే మానేయకు, మంట తిరగబెడుతుంది. నేను చెప్పినట్టు మెల్లగా తగ్గించు."

చెంచుదాసు తిరిగొచ్చి గురువు ఓబుళయ్య ముందు కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆశ్రమంలో వంట చెంచుదాసుదే.

"కడుపు కోసం వేసుకున్న మాత్ర ఎముకల దాకా పోయింది స్వామీ. నేను చేసిన తప్పేంటి?"

గురువు అతని కట్టు మీద చెయ్యి వేశాడు.

మర్నాడు వంట వేరేవాళ్లు చేశారు. చెంచుదాసు ఒంటిచేత్తోనే వడ్డించాడు. అరవై మంది తిని లేచారు. గిన్నెలు కడిగించి, సామాను సర్దించేసరికి మూడున్నర దాటింది. చల్లారిన అన్నం, ఇంత ఊరగాయ పళ్లెంలో పెట్టుకుని, ఎప్పటిలాగే పొయ్యి వెనక మూలకి వెళ్లాడు.

అక్కడ గురువు ఖాళీ విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. పన్నెండింటికల్లా భోంచేసేవాడు.

"స్వామీ! మీరింకా తినలేదా?"

"నువ్వు తినలేదు కదా."

చెంచుదాసు కంగారుగా వడ్డించి, ఎదురుగా కూర్చున్నాడు. గురువు అతని పళ్లెంలోంచి ఊరగాయ తీసేసి మజ్జిగ పోశాడు.

"రోజూ ఇంత ఆలస్యమేనా?"

"ఇంతే స్వామీ."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

"ఇన్నేళ్లలో 'దాసూ, అన్నం తింటివా' అని నిన్నెవరూ అడగలేదా?"

చెంచుదాసు ఆలోచించాడు. అమ్మ పోయాక ఆ మాట విన్నట్టు గుర్తు రాలేదు.

"ఆ మంటొక్కటే అడిగేది స్వామీ," అన్నాడు. "దాని నోరు కూడా నేనే మూసేశాను."

గురువు కలుపుతున్న ముద్ద అలాగే వదిలేశాడు.

"నేనూ అడగలేదు నాయనా," అన్నాడు.