గంగులప్ప వేసిన గట్టి పందిరి

మదనపల్లె దాటి కొండెక్కే దారిలో ఒక చిన్న పల్లెలో గంగులప్ప అనే పందిళ్ల మేస్త్రి ఉండేవాడు. మనసు వెన్నే గానీ, ఎదుటివాళ్లకు ఏం కావాలో అడగకుండా సాయం చేసేసే జబ్బు ఒకటి ఆయనకు ఉండేది.

పక్కింటామె రాగిసంగటి కెలుకుతుంటే, దారిన పోతూ ఆగి, పొయ్యిలోకి రెండు కట్టెలు ఎగదోసేవాడు. సంగటి అడుగంటేది. "బిరీన అయిపోయింది చూడు" అని తృప్తిగా వెళ్లిపోయేవాడు. భార్య ఈశ్వరమ్మ చెప్పులు తెగిపోయాయంటే రెండు సైజులు పెద్దవి తెచ్చాడు, ఎక్కువ కాలం వస్తాయని. చెప్పులు పెద్దవైతే ఎక్కువ కాలం ఎలా వస్తాయో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు. అయినా ఎవరూ నోరెత్తేవారు కాదు. సాయం చేసిన మనిషిని ఏమని తిడతారు?

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టేవాడు లేడు. కాకర, బీర, సొర, ద్రాక్ష, ఏ తీగకైనా గంగులప్ప పందిరి వేశాడంటే ఇక చూడక్కర్లేదు. గాలివానకు ఇళ్ల మీద రేకులు లేచిపోయిన ఏడు కూడా ఆయన పందిళ్లు కదల్లేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. పేరు నాగవేణి. ఇరవై రెండేళ్ల పిల్ల, కొండ మీది నర్సరీలో పనిచేసేది. ఆ నర్సరీ యజమాని ఆమెకు ఒక అంటుమొక్క ఇచ్చాడు. దాని పేరు క్లెమాటిస్. చల్లటి చోట మాత్రమే బతికే విదేశీ తీగ. అరచేయంత ఊదారంగు పూలు పూస్తుంది. గంగులప్పకు ఆ పేరు నోరు తిరక్క "దొర తీగ" అనేవాడు. నాగవేణి దాన్ని పెరట్లో ఒక సిమెంటు తొట్టిలో నాటి, ఏడాదిన్నర కంటికి రెప్పలా కాపాడింది. ఆ మాఘంలో తీగ రెండు కొమ్మలు వేసింది. పెద్దకొమ్మకు చివర మూడు మొగ్గలు వచ్చాయి.

కొండ మీద అతిథిగృహం నడిపే రత్నాబాయమ్మ ఆ మొగ్గల సంగతి విన్నది. "ఉగాది లోపల ఒక్క పువ్వు పూయించి చూపించు. మా ముందరి కంచె అంతా నీ తీగలే నాటిద్దాం. లేదంటే కాగితంపూల మొక్కలు తెప్పించుకుంటా" అన్నది. నాగవేణికి అది మొదటి సొంత పని. పువ్వు పూస్తే తన పేరుతో నర్సరీ పెట్టుకోవచ్చు. పూయకపోతే మళ్లీ ఇంకొకరి దగ్గర కుండీలు మోయడమే.

అంతలో తిరుపతిలో అంటు కట్టడం నేర్పే శిక్షణకు ఆమెకు పిలుపు వచ్చింది. పద్దెనిమిది రోజులు. బయలుదేరే రోజు తొట్టి దగ్గర నిలబడి తండ్రితో అన్నది.

"నాయనా, పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు పోస్తే సాలు. ఎక్కేదానికి మాత్రం సన్న..."

"పోమ్మా పో! పందిరి గురించి నాకు చెప్తా ఉండావా? పందిళ్లేసి ఏసి నా తల నెరిసిపాయ. నువ్వు వచ్చేలోగా నీ దొర తీగ ఆకాశంలో ఉంటాది చూడు" అన్నాడు గంగులప్ప.

బస్సు హారన్ కొట్టింది. మిగతా మాట నాగవేణి నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడే గంగులప్ప పని మొదలుపెట్టాడు. కూతురి తీగ కదా, అల్లాటప్పాగా వేస్తే ఎలా? మణికట్టంత లావు సరుగుడు కర్రలు తెచ్చాడు. తొక్క ఒలిచి, నున్నగా చెక్కి, నూనె పట్టించాడు. మోకాలి లోతు గుంటలు తీసి పాతాడు. అడ్డకర్రలు మేకులు కొట్టి బిగించాడు. మూడు రోజులకు పందిరి లేచింది. ఏనుగు ఆనుకున్నా కదలదు. ఈశ్వరమ్మ చూసి, "అది తీగకా, తేరుకా?" అన్నది. గంగులప్ప మురిసిపోయాడు.

తీగ మాత్రం ఎక్కలేదు.

గంగులప్ప పెద్దకొమ్మను తీసి కర్రకు ఆనించేవాడు. తెల్లారేసరికి అది జారి నేల మీద పడుకుని ఉండేది. మళ్లీ ఆనించేవాడు. మళ్లీ జారేది. ఆయనకు ఏమీ పాలుపోలేదు. కాకరతీగ అయితే ఈపాటికి పందిరెక్కి పక్కింటి గోడ కూడా దాటి ఉండేది. ఇదేమిటి, ఇంత మంచి కర్రను పట్టుకోనంటుంది? కర్ర వాసన పడలేదా? నూనె పట్టించడం తప్పయిందా? గరుకుకాగితం తెచ్చి నూనె అంతా గీకేశాడు. అయినా తీగ జారింది.

టమాటా రైతు చౌడప్ప అటుగా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"గంగులన్నా, టమాటా చెట్టుకు కట్టినట్ల పురికొసతో కట్టెయ్. చేతుల్లేని దానికి మనమే గదా చేతులు" అన్నాడు.

అవును కదా అనిపించింది. గంగులప్ప కణుపు కణుపుకూ పురికొస బిగించి కట్టాడు. రెండో రోజుకు ఆకులు వాలిపోయాయి. ఈశ్వరమ్మ ఎండ ఎక్కువైందన్నది. గోనెపట్టా కప్పాడు. నీడ పడ్డాక కొమ్మ వెలుతురు కోసం పందిరి వైపు కాకుండా గోడ వైపు తిరిగింది. గోనెపట్టా తీసేశాడు. దారిన పోయే ముసలమ్మ ఒకామె దిష్టి అన్నది. అడ్డకర్రకు బూడిదగుమ్మడికాయ వేలాడదీశాడు. ఇంకొకరు నీళ్లు చాలడం లేదన్నారు. నాలుగు బిందెలు పోశాడు. తొట్టిలో నీళ్లు నిలిచి ఆకుల అంచులు పసుపెక్కాయి. పోసిన నీళ్లను చెంబుతో తోడి పారబోశాడు.

ఇప్పుడు ఆయనకు ఏది మందో, ఏది రోగమో తెలియడం లేదు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా పెరటి వైపు చూస్తూ ఉండేవాడు. "నేను ఏం తక్కువ చేసినా దీనికి?" అని ఈశ్వరమ్మను అడిగేవాడు. ఆమె మాత్రం ఏం చెబుతుంది? తక్కువ ఏదీ కనబడటం లేదు మరి.

పదిహేనో రోజు గంగులప్పకు ఒక ఆలోచన తట్టింది. పాపం, ఈ తీగకు ఎక్కడం రాదు. చేతిలో చెయ్యి వేసి నేర్పాలి. పురికొస ముళ్లన్నీ విప్పేశాడు. మొగ్గలున్న పెద్దకొమ్మను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇట్ల తిరగాల, ఇట్ల చుట్టుకోవాల" అని పసిపిల్లకు చెప్పినట్టు చెబుతూ ఆ లావు కర్ర చుట్టూ వంచాడు.

టక్‌మంది.

కొమ్మ ఆయన చేతిలోకి వచ్చేసింది. మూడు మొగ్గలూ దానితోపాటే వచ్చేశాయి. గంగులప్ప దాన్ని మళ్లీ మొదలుకు ఆనించి చూశాడు, అతుక్కుంటుందేమో అన్నట్టు. తర్వాత మట్టిలోనే కూలబడిపోయాడు. ఆయనకు ఏడుపు వచ్చింది. కళ్లు తుడుచుకోలేదు కూడా.

చాలాసేపటికి ఆ తొట్టిలో మిగిలిన చిన్నకొమ్మ ఆయన కంట పడింది. అన్ని రోజులూ పందిరినే చూశాడు గానీ తీగను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కాకరకు ఉన్నట్టు దీనికి చుట్టుకుని పట్టుకునే నులితీగలు లేవు. ఆకుకాడలే వంగి ఉన్నాయి. అందులో ఒక ఆకుకాడ, పట్టుకోవడానికి ఇంకేమీ దొరక్క, పక్కనున్న తన ఆకుకాడనే మెలివేసి పట్టుకుంది. ఇంకొకటి తొట్టి పక్కన తెగి పడిన పురికొస పోగును చుట్టుకుని ఉంది. వేలితో లాగితే వదల్లేదు.

"దీనికి పట్టుకోను వచ్చునే!" అన్నాడు గంగులప్ప బిత్తరపోయి.

ఈశ్వరమ్మ చీపురులోంచి ఒక పుల్ల లాగి తొట్టిలో గుచ్చాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఒక ఆకుకాడ ఆ పుల్లకు సగం చుట్టు తిరిగింది. సాయంత్రానికి చుట్టు పూర్తయింది. ఇంత పందిరిని కాదని ఈ పుల్లను పట్టుకుందా! మొదట కోపం వచ్చింది. కాసేపటికి సిగ్గు వచ్చింది. ఆకుకాడ పొడవు రెండు వేళ్లంత. అది మణికట్టంత కర్రను ఎలా చుట్టుకుంటుంది? మన చిటికెన వేలితో తాటిమాను పట్టుకోమన్నట్టే కదా. తీగ మొండికెయ్యలేదు. దానికి అందేదేదో ఈయన అసలు చూడనే లేదు.

పద్దెనిమిదో రోజు సాయంత్రం నాగవేణి బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని, నేరుగా పెరట్లోకి వచ్చింది. పందిరి చూసింది. గుమ్మడికాయ చూసింది. తొట్టిలో జానెడు కొమ్మ, ఒక చీపురుపుల్ల చూసింది. పక్కన గిన్నెడు నీళ్లలో పెట్టిన పెద్దకొమ్మ వాడిపోయి ఉంది. మొగ్గలు నల్లబడ్డాయి.

ఆమె తొట్టి అంచున కూర్చుంది.

"నేనే ఇరిసేసినా తల్లీ" అన్నాడు గంగులప్ప. "ఎవరూ కాదు, నేనే."

"మొక్క సావలేదులే నాయనా. అడుగునించి మళ్లా ఇగురు ఏస్తాది" అన్నది నాగవేణి. "కానీ ఉగాదికి పూలుండవు. ఆ పని పాయ."

గంగులప్ప ఒక్క ఉదుటున లేచాడు. "ఇప్పుడే కొండెక్కి రత్నాబాయమ్మ కాళ్లు పట్టుకుంటా! లేకుంటే బెంగుళూరు పోయి పూలున్న మొక్క కొనుక్కొస్తా! అదీ కాకుంటే నీకు మదనపల్లె బజారులో అంగడి..."

మాట సగంలో ఆగిపోయాడు. కూతురు తల వంచుకుని ఉంది. ఆమె రెండు చేతులూ ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. గంగులప్ప వాటినే చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నీకేం కావాలమ్మా?" అని అడిగాడు.

నాగవేణి అయోమయంగా తలెత్తింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమె వినలేదు. అన్నీ అడక్కుండానే వచ్చేవి, అక్కర్లేనివి కూడా. అందుకే వెంటనే జవాబు దొరకలేదు. గంగులప్పకు నాలుక చివర నలభై సలహాలు గంతులేస్తున్నాయి. పళ్లు బిగించి కూర్చున్నాడు. ఆ కాస్సేపు ఊరుకోవడం ఆయనకు పది పందిళ్లు వేసినంత కష్టమైంది.

"నీళ్లు నాయనా" అన్నది చివరికి. "రోడ్డునించి నడిచి వచ్చినా. దప్పికగా ఉండాది."

గంగులప్ప లోపలికి వెళ్లాడు. నీళ్లకన్నా మజ్జిగ చలవ కదా అనిపించింది. ఒక బెల్లంముక్క కూడా పట్టుకెళితే బాగుండుననిపించింది. చెయ్యి మజ్జిగకుండ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చెంబు నిండా ఉత్త నీళ్లే ముంచుకొచ్చి కూతురికి ఇచ్చాడు. ఆమె ఎత్తి గడగడా తాగింది. సగం తాగాక ఆమెకు దుఃఖం పొంగింది. తండ్రి భుజానికి తల ఆనించి ఏడ్చింది. గంగులప్ప కదలకుండా కూర్చున్నాడు.

ఆ ఏడు రత్నాబాయమ్మ కంచెకు కాగితంపూలే పూశాయి. పోయిన అవకాశం తిరిగి రాలేదు. కానీ పెరట్లో ఆ గట్టి పందిరి నిండా గంగులప్ప వెదురు చీల్చి, నాగవేణి చెప్పినంత సన్నంగా, ఆమె చెప్పినంత దూరంలో పుల్లలు కట్టాడు.

నీతి: ఎదుటివారు దేన్ని పట్టుకోగలరో తెలుసుకోకుండా ఇచ్చే ఆసరా ఎంత గట్టిదైనా బరువే అవుతుంది, అందుకే సాయం చేసే ముందు అడగాలి, అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలి.