పది వాటాలకు ఒక్కటి

నలభై రెండు వరహాలు. ఒకానొక సముద్రతీర రాజ్యంలో ఉప్పు అమ్ముకునే పైడయ్య మూడేళ్లు కూడబెట్టిన సొమ్ము అది. వయసు చిన్నదే అయినా లెక్కల్లో గట్టివాడు. రాజుగారి వర్తక ఓడ ‘రాజహంస’లో ప్రజలు కూడా వాటాలు కొనవచ్చని చాటింపు వేసిన రోజునే వెళ్లి, ఒక్కొక్కటి ఆరు వరహాల చొప్పున ఏడు వాటాలు కొన్నాడు. లాభం వస్తే సొంత పడవ కట్టించుకోవాలని అతని ఆశ.

రెండేళ్లు తిరిగేసరికి వాటా ధర ఒక్క వరహాకు దిగిపోయింది. కారణం రేవులో అందరికీ తెలుసు. ఓడ అడుగు చెక్కను పురుగు తొలిచేసింది. తెచ్చిన మిరియాలు తెచ్చినట్టే తడిసి బూజుపట్టేవి. మరమ్మతుకని ఉంచిన సొమ్ముతో ప్రతాపవర్ధన మహారాజు ఓడ ముందు భాగాన బంగారు హంసను పెట్టించుకున్నాడు మరి.

వరహా ధర రాజుకు తలవంపులుగా తోచింది. పైగా ఐదు వరహాలకు తక్కువ పలికే వాటాను దూరదేశపు వర్తకులు తమ అంగడి గుమ్మం తొక్కనివ్వరు. అప్పుడు మంత్రి వాచస్పతి ఉపాయం చెప్పాడు.

“పది వాటాలను కలిపి ఒకటి చేద్దాం ప్రభూ. తెల్లారేసరికి వాటా ధర పది వరహాలు. పదికి తక్కువున్న వాళ్లకు వాటాకో వరహా ఇచ్చి పంపేద్దాం.”

రాజు పొంగిపోయాడు. “మా వాటా పదింతలైందని రేపు రేవులో మేమే స్వయంగా చాటుతాం” అన్నాడు.

ఈ మాట ఆ పూటే రేవుకు పాకి పైడయ్య చెవిన పడింది. నలభై రెండు పెట్టినవాడి చేతిలో ఏడు పెట్టి సాగనంపుతారన్నమాట. రేపు ఓడ బాగుపడినా ఆ బాగులో తనకు పాలు ఉండదు. అలాగని ఏడుస్తూ కూర్చోలేదు. ఉప్పుబుట్ట దించి నేరుగా కొలువుకు వెళ్లాడు.

“ప్రభూ, ఇంత గొప్ప సూత్రాన్ని ఒక్క ఓడకే వాడి ఊరుకుంటారా?” అన్నాడు.

“ఇంకెక్కడ వాడమంటావు?”

“కోటలో. నలభైమంది బల్లెపు భటులున్నారు. పదిమందిని కలిపి ఒకడిని చేస్తే, ఒక్కొక్కడు పదిమంది పెట్టు. అలాంటి భటుడు పొరుగు రాజులకు ఒక్కడైనా ఉన్నాడా?”

మంత్రి గడ్డం నిమురుకున్నాడు. “చూశారా ప్రభూ, ఉప్పు అమ్మేవాడికి కూడా నా తెలివి అర్థమైంది.”

“పదిమంది లేని కొలువుల మాటేమిటి మంత్రిగారూ?” పైడయ్య అమాయకంగా అడిగాడు.

“ఓడకు ఏ నియమమో కోటకూ అదే” అని రాజే బదులిచ్చాడు. “చేతిలో డబ్బు పెట్టి పంపెయ్యి.” ఆ పని పైడయ్యకే అప్పగించి, ఆజ్ఞ మీద ముద్ర కూడా వేసిచ్చాడు.

మరునాడు రాజు పట్టుబట్టలు కట్టి, కిరీటం సర్దుకుని రేవుకు బయలుదేరాడు. కోట గుమ్మంలో పల్లకీ నేల మీద ఉంది. మోసే భుజాలు లేవు.

“బోయీలేరీ?”

“ఎనిమిదిమందే కదా ప్రభూ, పదికి తక్కువ. పొద్దున్నే ఒక రోజు కూలి ఇచ్చి పంపేశాను” అన్నాడు పైడయ్య.

“మరి నన్ను మోసేదెవరు?”

“అరుగో, మీ కొత్త భటులు.”

నడుములకు తాళ్లు కట్టిన భటులు పదిమందికో మోపుగా నిలబడి ఉన్నారు. మొదటి మోపు పల్లకీ వైపు కదిలింది. ముందువాడు కుడికి లాగాడు, వెనకవాడు ఎడమకు లాగాడు. పదిమందీ బోర్లాపడ్డారు.

“ఓరి పైడీ, వీళ్లలో పదిమంది బలం ఉన్నవాడు ఎవడురా?” అని మంత్రి గుడ్లురిమాడు.

“నిన్న నలభైమంది, ఇవాళా నలభైమందే. నడుముకు తాడు తప్ప కొత్తగా వచ్చిందేముంది మంత్రిగారూ? ఓడ వాటాలూ అంతే. వంద వాటాలున్నవాడికి నిన్న వంద వరహాలు. ఇవాళ కలిపితే పది వాటాలు, ఒక్కోటి పది వరహాలు. అప్పుడూ వందే.”

“పెరగకపోతే పెరగకపోయె, నీకు నష్టమేమిటి?” అన్నాడు రాజు.

“బోయీలకు జరిగిందే నాకూ జరుగుతుంది ప్రభూ. వాళ్లు మోయలేరని పంపలేదు, ఎనిమిదిమందేనని పంపాం. నావి ఏడు వాటాలు. ఓడ మునకలో ఉన్నప్పుడు నన్ను దింపేస్తే, అది తేలేనాటికి ఒడ్డున నిలబడి చూడాలి.”

“అయితే కలపడమే తప్పంటావా?”

“తప్పు కాదు. పది వరహాల ధర ఉంటే దూరదేశపు అంగడి తలుపు తెరుచుకుంటుంది. కానీ అడుగున చిల్లు అలాగే ఉంటే, ఆ పది మళ్లీ ఒకటి కావడానికి రెండు ప్రయాణాలు చాలు.”

రాజు నేల మీది పల్లకీని చూశాడు. తాళ్లు విప్పుకోలేక తంటాలు పడుతున్న భటులను చూశాడు. పెదవులు బిగబట్టుకున్నాడు గానీ ఆగలేదు. కిరీటం పక్కకు ఒరిగేదాకా పకపకా నవ్వాడు.

ఆ రోజు రాజు రేవుకు నడిచే వెళ్లాడు. హంసను కరిగించి ఓడ అడుగు మార్పించమన్నాడు. ఆ పని పూర్తయ్యాకే వాటాలు కలపాలన్నాడు. అంతదాకా పదికి తక్కువైనవారు లోటును ఇవాళ్టి ధరకే ఖజానా నుంచి కొనుక్కోవచ్చన్నాడు. బోయీలను మళ్లీ కొలువులోకి పిలిపించాడు. పైడయ్యకు ముప్పై వరహాలు బహుమతి ఇచ్చి, “ఇంకోసారి కొలువుకు వస్తే ముందు మా బోయీలను లెక్కపెట్టి రానిస్తాం” అన్నాడు.

పైడయ్య నడుస్తూనే లెక్క వేశాడు. మూడు కొంటే పది. ఇరవై మూడు కొంటే ముప్పై, అంటే కొత్త వాటాలు సరిగ్గా మూడు. చేతిలో ఏడు వరహాలు మిగులుతాయి.

ఓడ అడుగు మార్చే పని ముగింపుకొచ్చిన రోజున, రేవులో వాటాల లెక్క రాసే కరణం గంటం పట్టుకుని అడిగాడు. “ఎన్ని రాయమంటావు పైడయ్యా?”

“ఉండండి బాబూ.” వడ్రంగి దగ్గర కొయ్యసుత్తి అడిగి తీసుకున్నాడు. “మార్చిన చెక్కలు తట్టి చూసొచ్చి చెబుతాను.”

అని ఓడ అడుగుకు దిగే నిచ్చెన మీద కాలు పెట్టాడు.