మాడిన పప్పు

అదొక కొండకోట. దగ్గడం పిరికితనమని అక్కడి సేనాపతి రణభైరవుడి నమ్మకం. దగ్గినవాడు కోట చుట్టూ పదిసార్లు పరుగెత్తాలని ఆజ్ఞ వేశాడు. దాంతో సైనికులు నోట్లో తలపాగా కొంగు కుక్కుకుని దగ్గు ఆపుకునేవారు.

వంటమనిషి మాచమ్మ ప్రాణం ఊరుకోలేదు. రొంప ఒకడి నుంచి పదిమందికి అంటుకుంటోంది. వారంలో దండయాత్ర. ఈ జ్వరాలతో ఏరు దాటితే ఎందరు తిరిగొస్తారోనని ఆమె బెంగ.

ఇంతలో సేనను చూడ్డానికి రాజుగారొచ్చారు. "మావాళ్లలో ఒక్కడికీ రొంప లేదు ప్రభూ!" అన్నాడు సేనాపతి. ఆ పూట మాచమ్మ కావాలనే పప్పు మాడబెట్టి వడ్డించింది. సగం బంతి ముక్కు మూసుకుని గోల చేసింది. మిగతా సగం వంచిన తల ఎత్తకుండా తింది. రాజుగారు ముద్ద పక్కనపెట్టి, "ఏమిటమ్మా ఈ వంట?" అని గద్దించారు.

"మన్నించండి మహాప్రభో! గోల చేసినవాళ్లంతా కులాసాగా ఉన్నట్టే. ఇంత మాడు వాసన కూడా తెలియనివాళ్లకు రొంప పట్టినట్టు. వాళ్లకు కావలసింది దండయాత్ర కాదు, కషాయం, పడక" అంది మాచమ్మ.

"శుద్ధ అబద్ధం!" అంటూ సేనాపతి లేచాడు. "పప్పు దివ్యంగా ఉంది ప్రభూ. నేను రెండుసార్లు వేయించుకున్నాను!"

బంతి మొత్తం గొల్లుమంది. రాజుగారు నవ్వాపుకుని దండయాత్ర వాయిదా వేశారు. మొదటి గ్లాసుడు మిరియాల కషాయం సేనాపతికే పోయించారు. దాని ఘాటు మాత్రం ఆయనకు బాగానే తెలిసింది.