నాన్నతో నాలుగు

అప్పలస్వామి గారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళు చేస్తున్న పనేమిటో కనుక్కుని, వాళ్ళతోపాటు అక్కడికి వెళ్ళి ఒక మూల కూర్చునేవారు. చాలామంది రెండో ప్రశ్న తీసుకురాకపోవడానికి కారణం అదే కావచ్చు.

సత్యవేణి మాత్రం వస్తూనే ఉండేది. ఈసారి, "నిజం చెప్పడానికి వేళ చూడాలా గురువుగారూ?" అని అడిగింది.

ఆమె సాయంత్రాలు జాలరిపేటలో ఇళ్ళకి వెళ్ళి చిన్నపిల్లలకి చదువు చెబుతుంది. అక్కడ లోవ అని ఆరేళ్ళ పిల్ల ఉంది. చురుకైనదే. కాని కూడిక చెప్పమంటే ప్రతిసారీ ఒకటి ఎక్కువ చెబుతుంది. రెండూ రెండూ ఐదు. మూడూ రెండూ ఆరు. చింతపిక్కలు పోసి లెక్కపెట్టమంటే సరిగ్గానే లెక్కపెట్టి, చివర్లో తలెత్తి ఇంకొకటి కలుపుతుంది.

కారణం ఆ ఇంట్లో అన్నాల వేళ తెలిసింది. లోవ తండ్రి ధనరాజు సముద్రంలో వేటకి వెళ్ళి తుఫానులో చిక్కుకుని తిరిగి రాలేదు. పడవ చెక్కలు దొరికాయి గాని మనిషి దొరకలేదు. మనిషి ఒడ్డుకి చేరేదాకా అతని కంచం తియ్యకూడదని ఆ పేట ఆచారం. అందులో రోజూ అన్నం వడ్డిస్తారు. అందరూ తిన్నాక దాన్ని తీసుకెళ్ళి అలల్లో కలుపుతారు. లోవకి కూడిక నేర్పింది నాన్నమ్మ నూకాలమ్మ, ఆ కంచాలతోనే. "నువ్వూ మీ యమ్మా రెండు. ఈ ముసిల్దాన్ని నానొకటి. నాన్నతో నాలుగు." ఏ కూడికైనా అలాగే చెయ్యాలి కాబోలనుకుంది పిల్ల. అన్ని లెక్కల్లోనూ చివర నాన్నని కలిపేది.

"బళ్ళో దీన్ని 'ఎగస్ట్రా' అని పిలుస్తన్నారమ్మా. కింద క్లాసుకి తోసేస్తారేమో," అంది తల్లి ఎర్రమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "ఆళ్ళ నాన్న ఇక రాడని నాను సెప్పలేను. నువ్వు సెప్పు," అంది.

సత్యవేణి ప్రశ్న అక్కడినుంచి వచ్చింది. అప్పలస్వామి గారు అంతా విని, కండువా భుజాన వేసుకుని, "పద," అన్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది. ఆయన అరుగు చివర కూర్చున్నారు. సత్యవేణి పిక్కలు పోసింది.

"మూడూ ఒకటీ ఎంత లోవా?"

"ఐదు."

"లెక్కపెట్టు."

పిల్ల నాలుగు దాకా లెక్కపెట్టి నాన్నమ్మవైపు చూసింది.

"అటు చూడకు. పిక్కలు చూడు. ఉన్నవే లెక్కపెట్టాలి."

"మరి నాన్నో?"

మాట మార్చవచ్చని సత్యవేణికి తోచింది. నిజానికి వేళేమిటని కూడా తోచింది. "నాన్న లేడు కదమ్మా. లేనివాళ్ళని లెక్కలో వెయ్యకూడదు," అంది, పిక్కలు సర్దుతూ.

లోపల వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. నూకాలమ్మ చేతులు మాత్రం ఆగలేదు.

"అయితే నాలుగు," అంది లోవ.

ఆ తర్వాత ఒక్క లెక్కా తప్పలేదు. పిల్ల నవ్వుతూ ఇంకోటి, ఇంకోటి అని అడిగి మరీ చేసింది. సత్యవేణి సంతోషంగా గురువుగారివైపు చూసింది. ఆయన ముసలామెను చూస్తున్నారు.

ఎర్రమ్మ లోపలినుంచి, "కంచాలెయ్యే," అని కేకేసింది. "అమ్మా నేనూ రెండు, నాన్నమ్మ ఒకటి. మూడు," అని పైకి చెబుతూ వేసింది లోవ. అలవాటుగా తీసిన నాలుగోది మళ్ళీ గూట్లో పెట్టేసింది. ఎర్రమ్మ అన్నం గిన్నెతో వచ్చి, కింద చూసి, నిలబడిపోయింది. నాలుగో కంచం తెమ్మని మాత్రం అనలేదు.

"రా అత్తా," అంది.

నూకాలమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. కూర్చోలేదు. తనకి వేసిన కంచాన్ని వాకిలివైపు, కొడుకు కూర్చునే చోటికి జరిపింది.

"ఒడ్డించు."

"అది నీ కంచం అత్తా."

"గుంట ఏసిన లెక్క సెడగొట్టకు. నువ్వొకటి, అదొకటి, ఆడొకటి. మూడు."

"మరి నువ్వో?"

"లేనోల్లని లెక్కలో ఎయ్యకూడదంట. పంతులమ్మ సెప్పింది."

ఆ రాత్రి మొదలు ఆమె ఇంట్లో కంచం ముందు కూర్చోలేదు. పొద్దున కాస్త గంజి తాగేది, తర్వాత అదీ మానేసింది. సత్యవేణి వెళ్ళి తన చేత్తో నాలుగో కంచం వేస్తే, ముసలామె తీసి గూట్లో పెట్టేసింది. చివరికి సత్యవేణి పిల్లనే బతిమాలింది, నాన్నమ్మ దగ్గర మాత్రం నాలుగని చెప్పమని. లోవ అనుమానంగా చూసి, "నాన్న లేడుగా టీచర్?" అంది. అమావాస్య వెళ్ళాక ఒక ఉదయం నూకాలమ్మ లేవలేదు.

కర్మకాండలు ముగిసిన సాయంత్రం సత్యవేణి ఆ ఇంటిముందు నుంచి వస్తూంటే, లోపల లోవ కంచాలు వేస్తోంది. "ఒకటీ ఒకటీ రెండు." లెక్క సరిగ్గానే ఉంది.

ఆమె తిన్నగా అప్పలస్వామి గారి దగ్గరికి వెళ్ళింది.

"నేను చెప్పింది నిజమే కదా," అంది.

"నిజమే."

"మీరూ అక్కడే ఉన్నారు. నా మొహం చూశారు, ఆవిడ మొహమూ చూశారు. ఒక్క మాటైనా అనలేదేం?"

ఆయన కండువా తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నారు.

"వేళ కోసం చూస్తూ కూర్చున్నానమ్మా," అన్నారు.