సింగన్న మద్దెల సాధన

ఒక జమీందారు దగ్గర పల్లకీ మోసే సింగన్నకు నడివయసు దాటాక మద్దెల మీద మనసు పోయింది. తను మద్దెల అందుకుంటే పాలిచ్చే గేదె కూడా తన్నుతుందని తనే నవ్వుతూ చెప్పుకునేవాడు. అయినా రోజూ సాయంత్రం భజనలో ఓ మూల చేరి దరువు వేసేవాడు.

ఒకనాడు భజనకు వచ్చిన జమీందారు చెవులు మూసుకున్నాడు.

"ఇంట్లో ఒంటరిగా సాధన చెయ్యరా. తప్పు లేకుండా వచ్చాకే నలుగురిలో కూర్చో. ఈలోగా ఇటు వచ్చావో, ఆ మద్దెల పొయ్యిలో పెట్టిస్తాను."

"ఒంటరిగా వాయిస్తే నాకు తప్పే దొరకదు దొరా. అదే నా బాధ" అన్నాడు సింగన్న. దొర వినిపించుకోలేదు.

సింగన్న తోటి బోయీలతో మాట్లాడుకున్నాడు. మర్నాడు దొరను ఎక్కించుకుని పల్లకీ ఎత్తాక, అడుగులు కలవడానికి రోజూ పాడే పదం ఎవరూ పాడలేదు. నలుగురూ నాలుగు రకాలుగా నడిచారు. దొర తల కొయ్యకు కొట్టుకుంది, తలపాగా బురదలో పడింది.

"పక్కవాడి అడుగు చూసుకోరట్రా?" అని కసిరాడు దొర.

"తమరు చెప్పినట్టే ఎవరింట్లో వాళ్లం ఒంటరిగా సాధన చేసి వచ్చాం దొరా. అక్కడ ఒక్కడి కాలూ తడబడలేదు" అన్నాడు సింగన్న.

దొర బొప్పి తడుముకున్నాడు. "సరే, భజనలోనే తగలడు. ముందు కాళ్లు కలపండి" అన్నాడు.

ఆ సాయంత్రం సింగన్న మళ్లీ దరువు తప్పాడు. దొర గుర్రుగా చూశాడు.

"పాట కింద పడదు లెండి దొరా, మిగతావాళ్లు మోస్తున్నారు" అన్నాడు సింగన్న, ఇంకోసారి తప్పుతూ.