విజిల్ లేని ఆట

ఏటి ఒడ్డున ఉన్న నీలాలపాలెం ఫాదర్ల హైస్కూల్లో, ఓడిపోతే అన్నం కూడా సహించని బాలశౌరి అనే కుర్రాడు చదువుతుండేవాడు. చెడ్డవాడేమీ కాదు. ఇంటి నుంచి పచ్చడి వస్తే బోర్డింగ్‌లో అందరికీ పంచి, చివరికి తను ఉత్త మజ్జిగన్నం తినేవాడు. కానీ గోళీలాటలో ఓడినా సరే, ఆ పూటంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఆ బడికి ఒక ముచ్చటైన ఆచారం ఉండేది. బడి పెట్టిన కొత్తలో, ఇటలీ నుంచి వచ్చిన గడ్డం ఫాదర్‌గారు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవారు. ఒకనాడు ఆయన నీళ్ళు తోడుతుంటే మెడలో విజిల్ తాడు తెగి, అది కాస్తా నూతిలో పడిపోయింది. కొత్తది కావాలంటే బెజవాడ వెళ్ళాలి. ఆట ఆగిపోయిందని పిల్లలు దిగాలుపడ్డారు. ఫాదర్‌గారు మాత్రం గడ్డం నిమురుకుని నవ్వారు.

"విజిల్ ఎందుకురా? తప్పు చేసినవాడికి తెలియదా, తప్పు చేశానని? వాడే చెయ్యి ఎత్తాలి. ఒకడి చెయ్యి ఇంకొకడు ఎత్తకూడదు. అంతే!" అన్నారు.

అప్పటి నుంచి ఆ మైదానంలో విజిల్ లేదు, రిఫరీ లేడు. బంతి చేతికి తగిలినవాడు తానే చెయ్యెత్తి నిలబడేవాడు. బంతి అవతలి జట్టుకు వెళ్ళేది. తాతలు అలాగే ఆడారు, తండ్రులు అలాగే ఆడారు. పొరుగూరి బళ్ళవాళ్ళు వచ్చి చూసి, "ఇదేం ఆటరా బాబూ!" అని నవ్వుకుంటూ వెళ్ళి, ఇంటికి చేరాక మాత్రం ఆలోచనలో పడేవారు.

ఏటా, ఏసుక్రీస్తును పెంచిన జోజప్పగారి పండుగ ముందురోజు సాయంత్రం బోర్డింగ్ పిల్లలకూ ఊరి పిల్లలకూ పెద్ద ఆట జరిగేది. గెలిచిన జట్టు నాయకుడు మర్నాడు పండుగ పూజకు చర్చి గుడి గంట కొట్టేవాడు. ఆట సమమైతే కిందటేడు గెలిచినవాళ్ళకే ఆ గంట. అది మోగిందంటే ఏటి మీద పడవలు కూడా ఆగి వింటాయేమో అనిపించేది. ఏటి అవతల లంకలో పసుపు ఉడికించే లూర్దమ్మకి కూడా వినిపించేది. ఆమె బాలశౌరి వాళ్ళమ్మ.

"ఈసారి పండుగ గంట నువ్వే కొట్టాలిరా శౌరీ," అంది ఆమె, క్రిస్మస్ సెలవులకి వచ్చిన కొడుకుతో. "కళ్ళంలో నిలబడి వింటాను. అదిగో నా కొడుకు గంట, అని అందరికీ చెప్పుకుంటాను."

ఆ మాట శౌరి గుండెలో గూడు కట్టుకుంది. పడుకున్నా, లేచినా ఆ గంటే వినిపించేది.

పండుగ ముందురోజు రానే వచ్చింది. శౌరి బోర్డింగ్ జట్టుకు నాయకుడు. ఊరి జట్టుకు నాయకుడూ, గోలు కాసే గోలీ కూడా టైలర్ ఖాసింగారి అబ్బాయి మస్తానే. కిందటేడు గెలిచింది ఊరివాళ్ళు. ఈసారి చెరో గోలు అయ్యింది. పొద్దు ఏట్లోకి దిగుతోంది. దుమ్మంతా బంగారం పొడిలా లేస్తోంది. గోలు వెనక కూర్చున్న ఆరో తరగతి బుడతలు గొంతులు చించుకుంటున్నారు.

అప్పుడు బంతి ఎత్తుగా వచ్చింది. శౌరి ఎగిరాడు. తల అందలేదు. చెయ్యి అందింది.

బంతి గోల్లో పడింది.

"గోలు! గోలు!" అంటూ బోర్డింగ్ పిల్లలు శౌరి మీద పడ్డారు. ఆ దుమ్ములో, ఆ గుంపులో ఎవరూ ఏమీ చూడలేదనిపించింది. మస్తాన్ మాత్రం చూశాడు. అతను బంతి తియ్యలేదు. అరవలేదు. శౌరి వైపు చూస్తూ, చెయ్యి లేస్తుందేమో అని నిలబడ్డాడు. శౌరికి చెయ్యి బరువెక్కింది. చెవుల్లో మాత్రం గంట మోగుతోంది. మెల్లగా ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు. మస్తాన్ వంగి బంతి తీసి, నడిమైదానంలోకి తన్నాడు.

పండుగ పొద్దున శౌరి గంట కొట్టాడు. ఎంత గట్టిగా లాగినా, ఎందుకో అది తను కలలో విన్న గంటలా మోగలేదు.

మధ్యాహ్నం లూర్దమ్మ పడవ దాటి వచ్చింది. పసుపు పట్టిన చేతుల్లో సున్నుండల డబ్బా. మొహం వెలిగిపోతోంది.

"విన్నానురా నాయనా! కళ్ళంలో అందరూ పని ఆపేశారు," అంది. పక్కనే వెళుతున్న మస్తాన్‌ని కూడా పిలిచి చేతిలో ఉండ పెట్టింది. "నువ్వేనా గోలీవి? మావాడు నీకు గోలు వేశాడని కోపమేం లేదు కదా అబ్బాయ్?"

మస్తాన్ శౌరి వైపు ఒకసారి చూశాడు. "లేదమ్మా. శౌరి బాగా ఆడాడు," అని ఉండ నోట్లో వేసుకున్నాడు.

శౌరి తన ఉండను మళ్ళీ డబ్బాలోనే పెట్టేశాడు.

సాయంత్రం మైదానంలో బుడతలు ఆడుకుంటుంటే, శౌరీ, అమ్మా, మస్తానూ ఓ పక్కన నిలబడి చూస్తున్నారు. ఉన్నట్టుండి గోల మొదలైంది.

"ఒరే ఇన్నయ్యా, చేతికి తగిలింది! ఎత్తరా చెయ్యి!"

"నేనెత్తను ఫో!"

"ఎత్తకపోతే ఎలారా? తప్పు కదా!"

"ఏం తప్పు? నిన్న శౌరన్న ఎత్తాడా? గోలు వెనకే ఉన్నాను, నేను చూళ్ళేదనుకున్నావా? ఎత్తకపోతేనే గంట కొట్టనిస్తారు!"

ఆ మాటకు ఒకడు తోశాడు, ఇంకొకడు కొట్టాడు. ఇన్నయ్య పెదవి చిట్లి చొక్కా మీద రక్తం కారింది. హెడ్‌మాస్టర్ ఫాదర్ చిన్నప్పగారు పరుగున వచ్చి వాళ్ళను విడదీశారు. తన చేతిరుమాలుతో ఇన్నయ్య పెదవి తుడిచారు. తర్వాత నీరసంగా అన్నారు:

"ఇక లాభం లేదు. రేపు బెజవాడకి మనిషిని పంపి విజిల్ తెప్పిస్తాను."

పండుగకు వచ్చి మైదానం చుట్టూ చేరిన పాత విద్యార్థులు, ముసలివాళ్ళు, తలలు దించుకున్నారు. ఇన్నేళ్ళ ఆచారం వాళ్ళ కళ్ళముందే నూతిలో పడ్డట్టయింది.

అప్పుడు ఒక చెయ్యి లేచింది.

"ఫాదర్‌గారూ, విజిల్ వద్దండీ," అన్నాడు శౌరి. పక్కనే అమ్మ ఉంది. అయినా చెయ్యి దించలేదు. "నిన్నటి గోలు నేను చేత్తో వేశాను. చెయ్యి ఎత్తలేదు. వీడి పెదవి చిట్లింది నా వల్లేనండీ."

ఫాదర్‌గారు తిట్టలేదు. "ఆలస్యంగా ఎత్తావు. అయినా ఎత్తావు కనక, రూలు రూలే. గోలు లేదు. ఆట సమం," అన్నారు. తర్వాత మస్తాన్ వైపు తిరిగారు. "సాయంత్రం జపం గంటకి వేళయింది. వెళ్ళి కొట్టు నాయకుడా."

"ఒరే, నువ్వూ రారా. కలిసి కొడదాం," అన్నాడు మస్తాన్.

"వద్దురా. అది నీది," అన్నాడు శౌరి.

మస్తాన్ గుడి వైపు పరిగెత్తాడు. శౌరి అమ్మ మొహం చూడలేక నేల చూస్తూ నిలబడ్డాడు. గంట మోగింది. ఏటి మీదుగా, లంకల మీదుగా ఆ మోత మెల్లగా పరుచుకుంది. అచ్చం తను కలలో విన్న గంటే.

లూర్దమ్మ పసుపు చేత్తో కొడుకు చెయ్యి పట్టుకుంది.

"పొద్దున నేను విన్నది నీ గంట కాదురా శౌరీ," అంది. "ఇదిగో, ఇది నీది."

నీలాలపాలెం బడికి విజిల్ కొనలేదు. మర్నాడు ఆటలో ముందుగా చెయ్యెత్తింది, వాచిన పెదవితో నవ్వుతూ, ఇన్నయ్యే.

నీతి: మనం దాచిన తప్పును ఏదో ఒక పసివాడు చూసి నేర్చుకుంటాడు, అందుకే, ఆలస్యమైనా సరే, మన తప్పుకు మన చెయ్యి మనమే ఎత్తాలి.