మాటకు మాట కట్టిన వంతెన

ఆ రాజ్యంలో వంతెనలు నిలిచేవి కావు. ఏరు పొంగినప్పుడల్లా ఒకటి కూలేది. తాపీవాళ్ళు సున్నాన్ని తిట్టేవారు, సున్నంవాళ్ళు ఇసుకను తిట్టేవారు, ఇసుక బళ్ళవాళ్ళు ఏటిని తిట్టేవారు. ఏరు మాత్రం ఎవరినీ ఏమీ అనేది కాదు.

కొత్త వంతెన మొదలుపెట్టే రోజున, సున్నం కలిపే మంగతాయి రాజుగారిని ఒక కోరిక కోరింది. రోజూ పొద్దుగూకే వేళ, వంతెనలో ఎవరు ఏం పెట్టారో వాళ్ళే అందరి ముందూ పాడాలి. ఒకరి చరణం ఏ మాటతో ఆగితే తర్వాతివాళ్ళు ఆ మాటతోనే ఎత్తుకోవాలి. రాజు సరేనన్నాడు.

"రాళ్ళతో కట్టే వంతెనకి పాటలెందుకే?" అని నవ్వాడు గుత్తేదారు భూషయ్య.

"కూలిన రాయి తననెవరు పెట్టారో చెప్పదు కదండీ, బాబుగారూ!" అంది మంగతాయి.

భూషయ్య నడి ఏట్లో స్తంభం లేపాడు. పైకి నల్లరాయి పేర్చి, లోపల చవగ్గా దొరికిన మెత్తరాయి కుక్కాడు. సాయంత్రం గొంతు సవరించుకుని పాడాడు.

"నడి ఏట్లో నే పేర్చింది కొండ నల్లరాయి."

"రాయి రాయి నడుమ నింపింది గానుగ సున్నం" అని మంగతాయి అందుకుంది.

"సున్నంలో కలిసింది ఏటి ఇసుక" అన్నాడు బండివాడు. అలా పాట సాగిపోయింది.

తొలకరికి ఏరు కాస్త పొంగింది. భూషయ్య స్తంభం మీద సన్నటి బీట కనబడింది. అతను పరుగున మంగతాయి దగ్గరికి వచ్చాడు.

"ఆ చరణంలో 'నే పేర్చింది' తీసేసి 'వాళ్ళు పేర్చింది' అని పాడవే."

ఆమె పకపకా నవ్వింది. "నా నోరైతే నేను మార్చుకుంటానండి. మరి మిగతా నోళ్ళో?"

ఆ మిగతా నోళ్ళ కోసం బయల్దేరాడు. రేవులో పడవవాడు అదే పాడుతున్నాడు. సంతలో గాజులమ్మే ఆవిడ అదే పాడుతోంది. ఒకరిని బతిమాలి మార్పించేలోగా పక్కవాడు "తప్పు పాడుతున్నావయ్యా" అని సరిచేసేవాడు. విసిగి ఇంటికొస్తే, భార్య మనవరాలి ఉయ్యాల ఊపుతూ అదే పాట పాడుతోంది.

"మనింట్లో కూడానా!" అన్నాడు నీరసంగా.

"మీ చరణముంది కదండీ, పాడుతుంటే గొప్పగా ఉంటుంది. వంతెన పూర్తవగానే దీన్నెత్తుకుని వెళ్ళి, మీ స్తంభం మీద నిలబడి ఏరు చూస్తాను" అంది ఆవిడ.

ఆ పూట భూషయ్యకి ముద్ద దిగలేదు.

తెల్లారి మళ్ళీ మంగతాయి దగ్గరికెళ్ళాడు. "నా అబద్ధం పాటలోంచి తీసేయాలంటే ఎలాగే?"

"తీయడానికి లేదండి. కావాలంటే ఇంకో చరణం పాడుకోవచ్చు."

భూషయ్య గునపం తెప్పించాడు. నీళ్ళు తగ్గగానే తన స్తంభాన్ని తానే విప్పించి, అడుగునుంచి నల్లరాయితో మళ్ళీ లేపాడు. అది పూర్తయిన సాయంత్రం బండివాడి చరణం 'నీళ్ళు' అన్న మాట దగ్గర ఆగింది. భూషయ్య లేచాడు.

"నీళ్ళు తాగే మెత్తరాయి నేనే పెట్టాను, నేనే పీకాను. ఇవాళ నిలబెట్టింది నల్లరాయి."

భూషయ్య తల దించుకున్నాడు.

"రాయి రాయి నడుమ మళ్ళీ నింపింది గానుగ సున్నం!" మంగతాయి గొంతు ఖంగుమంది. అందరూ గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. మనసులో బరువు దిగి భూషయ్యా నవ్వేశాడు. కొత్త చరణాన్ని ఇంట్లో భార్యా ఎత్తుకుంది. పాతదీ మానలేదు.

ఆ ఏడు ఏరు గట్లు తెంచుకుంది. వంతెన కదల్లేదు.

పిట్టగోడ పని కాస్త మిగిలుండగా రాజు ఏనుగెక్కి వచ్చాడు. పాట మొత్తం విని మురిసిపోయాడు. "చాలా బాగుంది. మొట్టమొదటి చరణంలో నా పేరు చేర్చండి" అన్నాడు.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భూషయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మొదట్లో చోటు లేదు మహారాజా. చివర్లో ఉంది."

రాజు ఏనుగు దిగి, చెప్పులు విడిచి, తలపాగా విప్పి నెత్తిన చుట్టకుదురు చేసుకున్నాడు.

"సున్నం తట్ట ఎక్కడుంది?" అని అడిగాడు.